జన్యు పరీక్షకు రక్తం ఇచ్చే ముందు: మెదడు క్షీణించే జబ్బులున్న కుటుంబాలకు

ఇంట్లో ఒకరికి అల్జీమర్సో పార్కిన్సన్సో అని తేలిన కొన్నాళ్లకు మిగతావాళ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది. పైకి అనరు గానీ, తాళాలు ఎక్కడ పెట్టామో గుర్తురాని ప్రతిసారీ లోపల అదే టెన్షన్: నాకూ వస్తుందా? ఆ టెన్షన్ తట్టుకోలేక కొందరు నేరుగా ల్యాబ్‌కు వెళ్లి "ఉన్న జన్యు పరీక్షలన్నీ చేసేయండి" అంటారు. ఇంకొందరు ఆన్‌లైన్‌లో ఉమ్మి కిట్ తెప్పించుకుంటారు. ఎలా చేసినా చేతికి ఒక రిపోర్టు వస్తుంది. అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం చాలాసార్లు రాదు.

ఈ పనిలో రక్తం ఇవ్వడం దాదాపు చివరి మెట్టు. దానికి ముందు జబ్బు పేరు తేల్చుకోవాలి, కుటుంబ చరిత్ర రాయాలి, మొదట ఎవరిని పరీక్షించాలో నిర్ణయించుకోవాలి. ఈ వరుస తప్పితే మంచి ల్యాబ్ ఇచ్చిన సరైన రిపోర్టు కూడా తప్పుదారి పట్టిస్తుంది.

మొదలుపెట్టే ముందు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి కొన్ని అంకెలు. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో ఒకే ఒక్క జన్యువులోని మార్పు వల్ల నేరుగా జబ్బు వచ్చినవాళ్లు 1 శాతం లోపే. పార్కిన్సన్స్‌లో సుమారు 10 నుంచి 15 శాతం మందికి కుటుంబంలో ఇంకెవరికైనా ఆ జబ్బు ఉంటుంది. కండరాలను నడిపే నరాలు చచ్చిపోయే ఏఎల్ఎస్‌లో వంశపారంపర్యంగా వచ్చేవి దాదాపు 10 శాతం. ప్రవర్తన, మాట ముందు దెబ్బతినే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలో ఈ వాటా బాగా ఎక్కువ; మూడో వంతు మందికి కుటుంబ చరిత్ర కనిపిస్తుంది. ఒళ్లు మెలికలు తిరుగుతూ, మనిషి తీరూ మతీ మారిపోయే హంటింగ్టన్ వ్యాధి సంగతి వేరు, అది పూర్తిగా జన్యువు వల్ల వచ్చేదే. అంటే "మెదడు జబ్బు, కాబట్టి వంశంలో ఉంది" అనుకోవడం ఎక్కువమంది విషయంలో నిజం కాదు. మీరు ఏ గుంపులో ఉన్నారో తెలుసుకోవడానికే కింది పనులన్నీ.

1. జబ్బు అసలు పేరు తేల్చుకోండి

"పెద్దాయనకు మతిమరుపు", "చేతులు వణికేవి", "చివర్లో పిచ్చి పట్టింది". ఇవి లక్షణాలు, జబ్బుల పేర్లు కావు. ఏ జన్యువును వెతకాలో జబ్బు పేరును బట్టే తేలుతుంది కాబట్టి ముందు ఫైల్ బయటకు తీయండి. డిశ్చార్జ్ సమ్మరీ, ఎమ్మారై రిపోర్టు, న్యూరాలజిస్ట్ రాసిన చీటీలు, వాడిన మందుల పేర్లు అన్నీ ఒకచోట పెట్టండి. లెవోడోపా మందుకు నడక బాగా మెరుగైందా, ఏమీ తేడా రాలేదా అన్నది కూడా పనికొచ్చే సమాచారమే. పార్కిన్సన్స్‌ను దానిలా కనిపించే ఇతర జబ్బుల నుంచి విడదీయడానికి డాక్టర్లు చూసేవాటిలో అదొకటి.

మతిమరుపులన్నీ అల్జీమర్స్ కావు. బీ12 లోపం, థైరాయిడ్ మందగించడం, డిప్రెషన్, మెదడులో నీరు చేరడం, చిన్నచిన్న స్ట్రోకులు కూడా అలాగే కనిపిస్తాయి. వీటిలో కొన్నింటికి వైద్యం ఉంది. జన్యువుల గురించి ఆలోచించే ముందు ఇవి కావని న్యూరాలజిస్ట్ చేత చెప్పించుకోండి.

ఇక్కడ విల్సన్ వ్యాధి పేరు తప్పకుండా ఎత్తాలి. ఏటీపీ7బీ అనే జన్యువు పనిచేయక ఒంట్లో రాగి పేరుకుపోతుంది. ముందు కాలేయంలో, తర్వాత మెదడులో. టీనేజీలోనో ఇరవైల్లోనో చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, చదువులో వెనకబడటం, కోపం పెరగడం మొదలవుతాయి. రాగిని బయటికి పంపే మందులు, జింక్ మొదలుపెడితే నిలువరించవచ్చు. ఆలస్యమైన కొద్దీ జరిగిన నష్టం అలాగే ఉండిపోతుంది. చిన్న వయసులో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ఈ ఒక్క జబ్బు విషయంలో "ముందు ఆలోచిద్దాం" అని ఆగకండి. వెంటనే పరీక్ష చేయించండి, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ కూడా.

2. మూడు తరాల వంశవృక్షం గీయండి

నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే. దీనికి కాగితం, పెన్సిల్ చాలు.

మీరు, మీ తోబుట్టువులు ఒక వరుస. పైన అమ్మానాన్నలు, వాళ్ల తోబుట్టువులు. ఆ పైన తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ. పిల్లలుంటే కింద ఇంకో వరుస. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, జబ్బు ఉన్నవాళ్లకు లోపల నింపిన గుర్తు, చనిపోయినవాళ్ల మీద అడ్డగీత. డాక్టర్లు వాడే పద్ధతి ఇదే. రాసేటప్పుడు రక్తసంబంధం స్పష్టంగా ఉండాలి: ఉత్త "బాబాయి" అని రాస్తే చాలదు, నాన్న తమ్ముడా, పిన్ని భర్తా అన్నది తేలాలి. రెండోవాళ్ల జన్యువులకు మీతో సంబంధం లేదు. ఎవరైనా దగ్గరి బంధువులనే పెళ్లి చేసుకుని ఉంటే ఆ ఇద్దరి మధ్య జంట గీత గీయండి.

ప్రతి మనిషి పక్కనా నాలుగు సంగతులు రాయండి. మొదటి లక్షణం ఏది, అది ఏ వయసులో మొదలైంది, ఏ వయసులో చనిపోయారు, ఎందువల్ల. చనిపోయిన వయసు కంటే మొదలైన వయసు ముఖ్యం. 82 ఏళ్ల వయసులో మొదలైన మతిమరుపుకూ 46లో మొదలైనదానికీ హస్తిమశకాంతరం ఉంది.

పెద్దవాళ్లను అడిగే తీరులోనే సగం పని ఉంది. "మన వంశంలో మెదడు జబ్బులున్నాయా?" అని అడిగితే "అబ్బే, అలాంటివేం లేవు" అని వస్తుంది. ఆ ప్రశ్నలో వాళ్లకు నింద వినిపిస్తుంది మరి. చిన్నచిన్న సంగతులు అడగండి:

"అత్తయ్యా, తాతయ్యకు చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు వణికేదా, గ్లాసు పట్టుకున్నప్పుడు వణికేదా?"

"ఊరికే కూర్చున్నప్పుడేరా. గ్లాసు పట్టుకుంటే ఆగిపోయేది. చివర్లో అడుగులు మరీ చిన్నవైపోయాయి."

ఈ రెండు మాటల జవాబు న్యూరాలజిస్ట్‌కు బంగారం. ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే వణుకు పార్కిన్సన్స్ వైపు చూపిస్తుంది. పని చేసేటప్పుడు వచ్చే వణుకు చాలావరకు ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే జబ్బు. ఇలాగే ఇంకొన్ని అడగవచ్చు. ముందు మరచిపోవడం మొదలైందా, ముందు మనిషి తీరు మారిందా? నిద్రలో చేతులూ కాళ్లూ ఝాడించేవారా? మింగడం ఎప్పటి నుంచి కష్టమైంది? కుదురుగా కూర్చోలేక ఒళ్లు మెలికలు తిరిగేదా?

దాచిపెట్టిన కథలు కూడా కావాలి. "తాగుడుకు బానిసై పోయాడు", "పెళ్లయిన పదేళ్లకు మతి చలించింది", "ఆత్మహత్య చేసుకుంది", "ఇల్లు వదిలి వెళ్లిపోయాడు" అని చెప్పుకునే మనుషుల్లో కొందరికి నిజంగా ఉన్నది హంటింగ్టనో ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియానో అయి ఉండవచ్చు. హంటింగ్టన్‌లో తూలుతూ నడవడం చూసి తాగుబోతు అనుకోవడం కొత్తేమీ కాదు. ఇంకో చిక్కు, 35 ఏళ్లకే ప్రమాదంలో పోయినవాళ్లది. వాళ్లకు జబ్బు లేదని రాయకండి, తెలియదు అని రాయండి.

3. ఆ చెట్టు ఏం చెబుతోందో చూడండి

ప్రతి తరంలోనూ ఒకరిద్దరు, ఆడా మగా తేడా లేకుండా, తల్లి లేదా తండ్రి నుంచి నేరుగా బిడ్డకు వచ్చినట్టుంటే అది డామినెంట్ తీరు. జబ్బున్న వ్యక్తి పిల్లల్లో ఒక్కొక్కరికీ 50 శాతం అవకాశం. ప్రతి బిడ్డకూ బొమ్మా బొరుసు మళ్లీ కొత్తగా వేసినట్టే; అన్నకు వచ్చింది కాబట్టి తమ్ముడికి రాదు అనే లెక్క లేదు. "ముగ్గురిలో ఇద్దరికి వచ్చేసింది, నేను తప్పించుకున్నట్టే" అని ధైర్యం చెప్పుకునేవాళ్లు ఎందరో. ఆ ధైర్యానికి ఆధారం లేదు.

హంటింగ్టన్, కొన్ని రకాల అటాక్సియా (నడక, కదలికలు అదుపు తప్పే జబ్బు), చిన్న వయసులో వచ్చే వంశపారంపర్య అల్జీమర్స్, ఏఎల్ఎస్ కుటుంబాల్లో ఎక్కువభాగం ఈ తీరువే. అల్జీమర్స్‌లో దీనికి కారణమయ్యే జన్యువులు మూడు: 21వ క్రోమోజోమ్ మీది ఏపీపీ, 14వ దాని మీది ప్రెసెనిలిన్-1, 1వ దాని మీది ప్రెసెనిలిన్-2. ఈ కుటుంబాల్లో జబ్బు సాధారణంగా 65 ఏళ్లలోపే, తరచుగా నలభైల్లో, యాభైల్లో మొదలవుతుంది. మీ చెట్టులో మతిమరుపు ఉన్నవాళ్లంతా 75 దాటాక జబ్బుపడి ఉంటే ఈ మూడు జన్యువుల కోసం వెతకడంలో పెద్దగా అర్థం లేదు.

తల్లిదండ్రులిద్దరూ బాగున్నా ఒకే తరంలో అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులోనే జబ్బు వచ్చి ఉంటే రిసెసివ్ తీరు అనుమానించాలి. జన్యువు పాడైన ప్రతులు (కాపీలు), అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తేనే జబ్బు. తోబుట్టువులకు 25 శాతం అవకాశం. తల్లిదండ్రులు దగ్గరి బంధువులైతే ఈ రకం జబ్బుల అవకాశం పెరుగుతుంది, ఒకే పూర్వీకుడి నుంచి అదే మార్పు ఇద్దరికీ వచ్చి ఉండవచ్చు కాబట్టి. విల్సన్, ఫ్రెడ్రిక్ అటాక్సియా, పార్కిన్ జన్యువు వల్ల నలభై ఏళ్లలోపు వచ్చే పార్కిన్సన్స్ ఇలాంటివి.

ఒకే కుటుంబంలో ఒకరికి ఏఎల్ఎస్, ఇంకొకరికి ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా ఉంటే అవి రెండు వేర్వేరు దురదృష్టాలు కాకపోవచ్చు. ఈ జబ్బులతో సంబంధం ఉందని 2011లో బయటపడిన సీ9ఆర్ఫ్72 జన్యువులో ఆరు డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఒకటి వందల సార్లు, ఒక్కోసారి వేల సార్లు పునరావృతమైతే ఈ రెండు జబ్బుల్లో ఏదైనా రావచ్చు, రెండూ కలిసీ రావచ్చు. "నాన్నకు కాళ్లూ చేతులూ పడిపోయాయి, మేనత్తకు మతి పోయింది" అన్న కుటుంబం ఈ జన్యువు గురించి డాక్టర్‌ను నోరు తెరిచి అడగాలి.

మిగిలిన పెద్ద గుంపులో ఏ తీరూ కనిపించదు. అక్కడొకరు, ఇక్కడొకరు, అందరూ పెద్ద వయసువాళ్లే. అక్కడ పనిచేసేది ఒక్క జన్యువు కాదు. చాలా జన్యువుల చిన్నచిన్న ప్రభావాలు, వయసు, బీపీ, షుగర్, వినికిడి లోపం, తల దెబ్బలు అన్నీ కలుస్తాయి. మీరు ఈ గుంపులో ఉంటే నిజానికి ఇక్కడితో ఆగిపోవచ్చు. జన్యు పరీక్ష మీకు కొత్తగా చెప్పేది తక్కువ.

4. ముందు జబ్బు ఉన్నవారిని పరీక్షించండి

అందరూ తలకిందులు చేసేది ఇక్కడే. భయం ఆరోగ్యంగా ఉన్న పిల్లలది కాబట్టి వాళ్లే ముందు రక్తం ఇస్తారు. రిపోర్టులో "ఏమీ కనిపించలేదు" అని వస్తుంది, ఇంట్లో పండగ చేసుకుంటారు.

కానీ ఆ "ఏమీ లేదు"కు రెండు అర్థాలున్నాయి. కుటుంబంలో ఉన్న మార్పు మీకు రాలేదన్నది ఒకటి. మీ కుటుంబంలో జబ్బు తెచ్చే మార్పును ఆ పరీక్ష పట్టుకోలేకపోయిందన్నది రెండోది. జబ్బున్న అమ్మలో ఏ మార్పు ఉందో ముందే తెలిస్తేనే మొదటి అర్థం చెప్పుకోగలం. అమ్మ రక్తంలో ప్రెసెనిలిన్-1 జన్యువులో ఫలానా చోట మార్పు ఉందని తేలితే, మీ రక్తంలో సరిగ్గా ఆ ఒక్క చోటే చూస్తారు. జవాబు ఉంది లేదా లేదు. తక్కువ ఖర్చు, స్పష్టమైన ఫలితం.

జబ్బున్నవారు పెద్దవారైతే, పరిస్థితి విషమిస్తుంటే, పరీక్ష ఇప్పుడే వద్దనుకున్నా సరే, వారి అంగీకారంతో రక్తం తీసి డీఎన్‌ఏ నిల్వ చేయించండి. ఈ ఏర్పాటు ఉందా అని జెనెటిక్ క్లినిక్‌ను అడగండి. వారు పోయాక ఈ అవకాశం తిరిగి రాదు. మతిమరుపు ముదిరి వారు సొంతంగా అంగీకారం చెప్పలేని స్థితిలో ఉంటే, ఎవరు సంతకం చేయవచ్చో ఆసుపత్రి చెబుతుంది. మీ ఆత్రం కోసం వారికి తెలియకుండా శాంపిల్ తీయించడం మాత్రం వద్దు.

5. సరైన పరీక్షను అడగండి

"అన్ని జన్యువులూ చదివేస్తాం" అనే ఎక్సోమ్ పరీక్షకు పెద్ద పేరుంది. అయితే ఒకే ముక్క పదేపదే పునరావృతమయ్యే జబ్బులను మామూలు ఎక్సోమ్ పరీక్ష నమ్మకంగా పట్టుకోలేదు. హంటింగ్టన్, అటాక్సియాల్లో చాలా రకాలు, ఫ్రెడ్రిక్, సీ9ఆర్ఫ్72 అన్నీ ఆ కోవలోవే. వీటికి విడిగా పునరావృతాలను లెక్కపెట్టే పరీక్ష రాయించుకోవాలి. కదలికల జబ్బు ఉన్న కుటుంబానికి ఎక్సోమ్ చేసి "నెగటివ్" అని చేతిలో పెడితే, "ఇందులో రిపీట్ ఎక్స్‌పాన్షన్లు చూశారా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న గుర్తుంచుకుంటే చాలా గందరగోళం తప్పుతుంది.

ఏఎల్ఎస్ విషయంలో ఒక అడుగు ముందే ఉండాలి. ఎస్‌ఓడీ-1 జన్యువు వల్ల వచ్చే ఏఎల్ఎస్‌కు టోఫర్‌సెన్ అనే మందును 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. జన్యువు తెలియకపోతే ఆ మందు ప్రస్తావనే రాదు. అందుకే కుటుంబంలో ఇంకెవరికీ లేకపోయినా ఏఎల్ఎస్ ఉన్నవారికి జన్యు పరీక్ష గురించి తప్పక అడగండి.

ఇంటికి వచ్చే ఉమ్మి కిట్లు కొన్ని ఎంచుకున్న మార్పులనే చూస్తాయి. పార్కిన్సన్స్‌కు లార్క్-2 జన్యువులో ఒకటి, జీబీఏ-1లో ఒకటో రెండో. వాటిలో లేదంటే పార్కిన్సన్స్ జన్యువులేవీ లేవని కాదు. ఉందన్నా జబ్బు వస్తుందని కాదు. లార్క్-2 మార్పు ఉండి జీవితాంతం జబ్బు రానివాళ్లు బోలెడుమంది. కిట్‌లో ఏదైనా తేలితే క్లినికల్ ల్యాబ్‌లో మళ్లీ చేయించకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ఏపీఓఈ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 19వ క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువులో ఇ2, ఇ3, ఇ4 అని మూడు రకాలు. ఒక ఇ4 ఉంటే పెద్ద వయసు అల్జీమర్స్ అవకాశం సుమారు మూడు రెట్లు, రెండు ఉంటే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు పెరుగుతుందని సాధారణంగా చెబుతారు. ఇ4 ఉన్నా అల్జీమర్స్ రానివాళ్లున్నారు, లేకపోయినా వచ్చినవాళ్లున్నారు. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఊరికే ఈ పరీక్ష చేయించడం నాకు నచ్చదు. డీఎన్‌ఏ నిర్మాణం కనుగొన్నవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ 2007లో తన జన్యుసమాచారం మొత్తం బయటపెట్టి, ఏపీఓఈ ఒక్కటి మాత్రం తనకు చెప్పవద్దన్నాడు! ఒక్క సందర్భంలో ఈ పరీక్ష అవసరం. అల్జీమర్స్‌కు లెకానెమాబ్ వంటి కొత్త మందులు మొదలుపెట్టే ముందు చేయిస్తారు, ఎందుకంటే రెండు ఇ4లు ఉన్నవాళ్లకు ఆ మందుతో మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు ఎక్కువ.

6. ఆరోగ్యంగా ఉన్న మీరు తెలుసుకోవాలా వద్దా

కుటుంబంలోని మార్పు తేలింది. ఇప్పుడు మీ వంతు. తొందరపడకండి, ఇది అత్యవసర పరీక్ష కాదు.

హంటింగ్టన్ కుటుంబాల అనుభవం నుంచి ప్రపంచమంతటా ఒక పద్ధతి ఏర్పడింది. జన్యువు ఎక్కడుందో 1983లో జాడ దొరికింది. వెనెజువెలాలో మరకైబో సరస్సు ఒడ్డున ఉండే పెద్ద కుటుంబాలు ఇచ్చిన రక్తం ఆ పరిశోధనలో కీలకమైంది. జన్యువే దొరకడానికి ఇంకో పదేళ్లు, 1993 దాకా పట్టింది. పరీక్ష అందుబాటులోకి వస్తే ముప్పున్న వాళ్లందరూ బారులు తీరుతారని మొదట్లో అనుకున్నారు. అలా జరగలేదు. ముప్పు ఉందని తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఈరోజుకీ పరీక్ష చేయించుకోరు. ఆ పరిశోధనలో ముందు నిలిచిన నాన్సీ వెక్స్‌లర్ తల్లికి కూడా అదే జబ్బు; అయినా ఆమె తనకు పరీక్ష వద్దనుకుంది. కాబట్టి "తెలుసుకోకపోవడం పిరికితనం" అని ఎవరైనా అంటే పట్టించుకోనక్కర్లేదు.

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. మొదట జన్యు పరీక్షల గురించి సలహా ఇచ్చే జెనెటిక్ కౌన్సెలర్‌తో వివరంగా మాట్లాడతారు. న్యూరాలజిస్ట్ పరీక్ష చేస్తారు. ఆలోచించుకోవడానికి కొన్ని వారాలు ఇస్తారు. రక్తం ఇచ్చాక కూడా ఫలితం వినకుండా మానుకోవచ్చు. ఫలితం ఫోన్‌లోనో మెయిల్‌లోనో కాకుండా ఎదురుగా చెబుతారు. పక్కన ఒక మనిషిని తెచ్చుకోమంటారు. ఆ మనిషి మీ తోబుట్టువు కాకపోతే మంచిది, వాళ్లకూ అదే ముప్పు ఉంది కదా. తర్వాత కొన్నాళ్లు పలకరిస్తూ ఉంటారు. మీరు వెళ్లిన చోట ఇవేమీ లేకుండా "రేపు రండి, రిపోర్టు తీసుకోండి" అంటే ఇంకో చోటు వెతుక్కోండి.

మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు కొన్ని. ఫలితం "ఉంది" అని వస్తే వచ్చే ఏడాది నేను వేరేగా చేసే పని ఏమిటి? పెళ్లి, పిల్లలు, ఉద్యోగం, ఇంటి అప్పు, వీటిలో దేని గురించి నిర్ణయం ఈ ఫలితం మీద ఆధారపడి ఉంది? "లేదు" అని వస్తే, జబ్బు వచ్చిన తమ్ముడి ముందు ఆ సంతోషాన్ని ఎలా మోస్తాను? చివరిది వింతగా అనిపించవచ్చు గానీ, మంచి ఫలితం వచ్చి కుంగిపోయినవాళ్లు కూడా ఉన్నారు. ఇన్సూరెన్స్ గురించి మాత్రం రక్తం ఇవ్వకముందే తెలుసుకోండి. అమెరికాలో 2008 నాటి చట్టం కూడా ఆరోగ్య బీమా, ఉద్యోగం వరకే రక్షణ ఇస్తుంది, జీవిత బీమాకు వర్తించదు. మీరున్న దేశంలో నియమం ఏదో ముందే కనుక్కోండి.

ఒక చిక్కుముడి విడిగా చెప్పాలి. తాతయ్యకు హంటింగ్టన్ ఉంది. నాన్నకు 50 శాతం ముప్పు, ఆయన పరీక్ష వద్దనుకున్నారు. మీకు 25 శాతం. మీరు పరీక్ష చేయించుకుంటే, మీలో ఆ మార్పు ఉందని తేలిన క్షణమే నాన్నకూ ఉందని తేలిపోతుంది. మీ ఒక్క రక్తపు చుక్క ఇద్దరి గుట్టు విప్పుతుంది. మీ హక్కూ నిజమే, ఆయన తెలుసుకోకుండా ఉండే హక్కూ నిజమే. నేనైతే రక్తం ఇవ్వకముందే "నాన్నా, నేను చేయించుకుందామనుకుంటున్నాను" అని ఆయనకు చెప్పమంటాను. ఏకరూప కవలల్లోనూ ఇదే ఇబ్బంది.

పెద్దయ్యాక వచ్చే, నివారణ లేని జబ్బుల కోసం ఆరోగ్యంగా ఉన్న మైనర్లను పరీక్షించరు. అమ్మానాన్నలు ఎంత బతిమాలినా సరే. ఆ నిర్ణయం పెద్దయ్యాక వాళ్లది. విల్సన్ లాంటి వైద్యం ఉన్న జబ్బులకు ఈ నియమం వర్తించదు.

7. రిపోర్టు చదవడం

హంటింగ్టన్ రిపోర్టులో రెండు అంకెలుంటాయి. ఉదాహరణకు 17, 43. అమ్మ నుంచి వచ్చిన ప్రతిలో, నాన్న నుంచి వచ్చిన ప్రతిలో సీఏజీ అనే మూడు అక్షరాల ముక్క ఎన్నిసార్లు పునరావృతమైందో ఆ అంకెలు చెబుతాయి. పెద్ద అంకెనే చూడాలి. 26 వరకు మామూలు. 27 నుంచి 35 వరకు ఆ వ్యక్తికి జబ్బు రాదు, కానీ పిల్లలకు వెళ్లేటప్పుడు, ముఖ్యంగా తండ్రి నుంచి, పెరిగే అవకాశం ఉంది. 36 నుంచి 39 అయితే రావచ్చు, రాకపోవచ్చు. 40, ఆపైన అయితే మామూలు ఆయుష్షు బతికేలోగా వస్తుంది. పైన చెప్పిన 43 ఆ వర్గం.

అంకె పెరిగిన కొద్దీ సగటున జబ్బు త్వరగా మొదలవుతుంది. కానీ "43 కాబట్టి ఫలానా ఏట మొదలవుతుంది" అని ఒక మనిషికి లెక్క కట్టడం కుదరదు. ఒకే అంకె ఉన్న ఇద్దరికి దశాబ్దానికి పైగా తేడా రావచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలు చూసి తేదీ గుండెల్లో రాసుకోకండి.

మిగతా జన్యువుల రిపోర్టుల్లో మార్పును ఐదు మెట్లలో ఒకదానిలో పెడతారు: జబ్బు తెచ్చేది, బహుశా తెచ్చేది, అర్థం తేలనిది, బహుశా హానిలేనిది, హానిలేనిది. మధ్యలోని "అర్థం తేలనిది", రిపోర్టులో వీయూఎస్ అని ఉండేది, కుటుంబాలను ఎక్కువగా అల్లాడించేది. అది పాజిటివ్ కాదు. దాన్ని పట్టుకుని మిగతా బంధువులకు పరీక్షలు చేయించకండి, పెళ్లి సంబంధాలు ఆపకండి. సమాచారం పెరిగిన కొద్దీ ఇలాంటివాటిలో ఎక్కువ భాగం హానిలేనివిగా తేలుతుంటాయి. ఒకటి రెండేళ్లకోసారి ల్యాబ్‌నో కౌన్సెలర్‌నో "దీని వర్గం మారిందా?" అని అడిగితే చాలు.

"జబ్బు తెచ్చేది" అని ఉన్నప్పుడు కూడా జన్యువు ఒక్కటే కథ మొత్తం చెప్పదు. కొలంబియాలో ప్రెసెనిలిన్-1 మార్పు ఉన్న ఒక పెద్ద వంశంలో సాధారణంగా నలభైల్లోనే మతి మందగిస్తుంది. అదే మార్పు ఉన్న ఒకావిడకు మాత్రం డెబ్బైల దాకా ఇబ్బంది రాలేదు. ఆమెలో ఏపీఓఈ జన్యువులో ఒక అరుదైన మార్పు రెండు ప్రతుల్లోనూ ఉందని 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అదే ఆమెను కాపాడిందని వాళ్ల అంచనా. ఇప్పుడు దాన్ని అనుకరించే మందుల కోసం వెతుకుతున్నారు.

8. ఫలితం వచ్చాక

ముందు ఎవరికి చెప్పాలో నిర్ణయించుకోండి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ముప్పున్న బంధువులకు ఒక్కొక్కరికీ విడిగా, "మన కుటుంబంలో ఒక జన్యుమార్పు ఉందని తేలింది, తెలుసుకోవాలనుకుంటే వివరాలిస్తాను, వద్దనుకుంటే ఇక్కడితో ఆపేస్తాను" అని చెప్పండి. వాళ్లు వద్దంటే వదిలేయండి. కావాలన్నవాళ్లకు రిపోర్టు కాపీ ఇవ్వాలి, ఎందుకంటే జన్యువు పేరు ఒక్కటే సరిపోదు, మార్పు ఉన్న కచ్చితమైన చోటు రిపోర్టులోనే ఉంటుంది. ఆ ఒక్క లైను లేకపోతే వాళ్ల ల్యాబ్ మళ్లీ మొదటి నుంచి వెతకాలి.

పిల్లల గురించి ఆలోచిస్తున్నవాళ్లు గర్భం రాకముందే కౌన్సెలర్‌ను కలవండి. ఐవీఎఫ్ పద్ధతిలో పిండాలను పరీక్షించి ఆ మార్పు లేనివాటినే ఉంచే వీలుంది. తమ ఫలితం తమకు తెలియకుండానే పిండాల్లో మార్పు లేకుండా చూసుకునే ఏర్పాటు కూడా కొన్ని కేంద్రాల్లో ఉంది.

మార్పు ఉన్నా లక్షణాలు లేనివాళ్లకు పరిశోధనల్లో చేరే దారి తెరిచి ఉంటుంది. ఎస్‌ఓడీ-1, హంటింగ్టన్, వంశపారంపర్య అల్జీమర్స్, లార్క్-2 మార్పుల మీద ప్రయోగాలు జరుగుతున్నాయి. వాటిలో చేరాలంటే ఎక్కువసార్లు జన్యు రిపోర్టే టికెట్. ఏ మార్పూ తేలనివాళ్లకు, పెద్ద వయసు మతిమరుపు ఉన్న కుటుంబాలకు చేయదగిన పని ఇంకా ఎక్కువే. ప్రపంచంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతం మార్చుకోగల 14 కారణాలతో ముడిపడి ఉందని లాన్సెట్ కమిషన్ 2024లో లెక్క తేల్చింది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, వినికిడి లోపం, సరిచేయించుకోని చూపు అందులోవే. వినపడటం తగ్గిన అమ్మకు చెవి మిషన్ పెట్టించడానికి ఏ జన్యు రిపోర్టూ అక్కర్లేదు.

గీసిన వంశవృక్షం, అసలు రిపోర్టు, డీఎన్‌ఏ ఎక్కడ నిల్వ ఉందో చెప్పే కాగితం, ఈ మూడూ ఒకే ఫైల్‌లో పెట్టి ఇంట్లో ఇంకొకరికి చూపించి ఉంచండి. కొత్త లక్షణం కనిపించిన ప్రతిసారీ, కుటుంబంలో ఇంకెవరికైనా జబ్బు తేలిన ప్రతిసారీ చెట్టులో ఆ పేరు పక్కన వయసు, తేదీ రాసి న్యూరాలజిస్ట్‌కు పంపండి.